పెరట్లో తెల్లని గొడుగు: పేరు చెప్పేది దాని ముద్రే

నాలుగు వానలు పడేసరికి పెరటి గడ్డిలో తెల్లని పుట్టగొడుగులు లేస్తాయి. అరచేయంత వెడల్పు, పైన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం ఉంటే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ కావచ్చు. పేరు నోరు తిరగదు కానీ, తింటే కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

లేతగా ఉన్నప్పుడు గొడుగు అడుగున ఉండే మొప్పలు తెల్లగానే ఉంటాయి. మోసమంతా అక్కడే! అందుకే బాగా విచ్చుకున్న గొడుగును కాడ తీసేసి, మొప్పలు కిందికి వచ్చేలా తెల్లకాగితంపై పెట్టండి. గిన్నె బోర్లించి రాత్రంతా కదపకండి. తెల్లారేసరికి రాలిన సిద్ధబీజాలతో కాగితంపై ముద్ర పడుతుంది. అది ఆకుపచ్చగా ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. పుట్టగొడుగుల్లో ఆ రంగు ముద్ర చాలా అరుదు.

ఆకుపచ్చ కాకపోతే తినొచ్చా? కూడదు. ప్రాణాలు తీసే అమనిటా ఫల్లాయిడిస్ ముద్ర తెల్లగా ఉంటుంది. విషముంటే వెండి చెంచా నల్లబడుతుందన్న మాటనూ నమ్మకండి. వెండిని నల్లబరిచేవి గంధకపు సమ్మేళనాలు. ఈ విషాలు వెండిని ఏమీ చేయవు.

ఎవరైనా ఇప్పటికే తినేసి ఉంటే ముద్ర కోసం ఆగకండి. మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి, మనిషితోపాటు ఆసుపత్రికి తీసుకెళ్లండి.