తాగనివారి కాలేయం

"తాగని మనిషికి లివరు జబ్బేమిటి?" అని మా పల్లెల్లో అనుమానంగా చూస్తారు. మద్యం కారణం కాని ఈ జబ్బుతో ఉన్న 20 మంది రోగుల వివరాలను అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం 1980లోనే ప్రకటించింది.

కాలేయం గాదె వంటిది. మూడేసి కొవ్వు ఆమ్లాలను గ్లిసరాల్‌తో కలిపి ట్రైగ్లిజరైడుగా దాస్తుంది. నూనే కాదు, మిగులు అన్నం, చక్కెర కూడా అక్కడ కొవ్వు ఆమ్లాలవుతాయి. నిల్వ 5 శాతం మించితే కొవ్వు కాలేయం అంటాం. అయితే ఎక్కువ చేటు నిల్వది కాదు; గాదెలో పట్టక మిగిలిన పామిటిక్ వంటి సంతృప్త ఆమ్లాలది. అవి కణాలను దెబ్బతీస్తాయి. కుఫర్ కణాలు రేగి వాపు పుట్టిస్తాయి. ఏళ్ల తరబడి వాపు ఉంటే మచ్చలు కట్టి, కొందరిలో సిర్రోసిస్‌కు దారి తీస్తుంది.

అధిక బరువున్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో వాపూ తగ్గుతుంది. కనుక మిత్రులారా, రోగిని నిందించకండి. ముదరక ముందే పరీక్షకు పంపండి.