ముదురునీలం కోటు

1920వ దశకంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పట్టాతో సమానంగా కోరుకున్న గౌరవం ‘బ్లూ’. కేంబ్రిడ్జితో ఏటా జరిగే పోటీలో విశ్వవిద్యాలయం పక్షాన ఆడినవారికే అది దక్కేది. ముదురునీలం కోటు ధరించే అర్హత దానితోనే వచ్చేది. రాంచీ ప్రాంతపు టక్రా గ్రామంలో, ముండా ఆదివాసి కుటుంబంలో 1903లో జన్మించిన జైపాల్ సింగ్, సెయింట్ జాన్స్ కళాశాలలో చదువుతూ హాకీలో ఆ గౌరవాన్ని పొందారు.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకత్వం ఆయనను వరించింది. అప్పటికే ఐ.సి.ఎస్.కు ఎన్నికై, ఆక్స్‌ఫర్డ్‌లోనే శిక్షణ పొందుతున్నారు. సెలవు అడిగారు; లభించలేదు. అయినా వెళ్ళారు. జట్టు 29 గోళ్ళు చేసి, ప్రత్యర్థులకు ఒక్కటీ ఇవ్వక, హాకీలో భారతదేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది. ధ్యాన్‌చంద్ కీర్తి ప్రపంచానికి తెలిసినది ఆ పోటీలలోనే. ఫైనలుకు ముందే జైపాల్ సింగ్ జట్టును వీడారు. కారణాలను పలువురు పలు విధాలుగా చెబుతారు.

తిరిగివచ్చిన పిమ్మట, శిక్షణ మరొక ఏడాది సాగించవలెనన్నారు అధికారులు. ఆయన అంగీకరించక ఐ.సి.ఎస్.నే వదులుకున్నారు. ఆనాటి భారతీయ యువకునికి అంతకు మించిన కొలువు లేదని తలచుకుంటే, ఆ ఆటకు ఆయన చెల్లించిన మూల్యం బోధపడుతుంది.

1946 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో, తాను అడవి మనిషినని సగర్వంగా చెప్పుకొని ఆదివాసుల పక్షాన వాదించిన సభ్యుడు ఈ జైపాల్ సింగే.