దీన్ ఒకటే, మర్యాదలు వేరు
(గల్ఫ్‌కు వెళ్ళేవారికీ, పంపేవారికీ ఒక పాఠం)

మన బేతంచెర్ల పేరును బండలు ఎప్పుడో రాష్ట్రం దాటించాయి. ఇప్పుడు మనుషులు అంతకంటే దూరం పోతున్నారు. పాలిష్ ఫ్యాక్టరీలో పని తగ్గినా, ఇంట్లో అప్పు పెరిగినా కువైట్, సౌదీ, దుబాయి మాట వస్తుంది. రాయచోటి, రాజంపేట వైపు ఇది ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే.

మన పిల్లలకు ఒక ధీమా ఉంది. "అది మన దీన్ ఉన్న దేశమే కదా, మనకు తెలియనిదేముంది?" అంటారు. మొదటి నెలలో వాళ్ళను తిప్పలు పెట్టేది ఈ ధీమాయే.

భాషనే తీసుకోండి. ఉర్దూలో మనం గరీబ్ అంటే పేదవాడు. అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు, వింతైనవాడు. జాలి కలగాలని యజమాని ముందు "నేను గరీబ్‌ను" అంటే ఆయన అయోమయంగా చూస్తాడు. మనకు మద్రసా అంటే దీనీ చదువు చెప్పేచోటు, వాళ్ళకు ఏ బడైనా మద్రసాయే. నమాజు సంగతీ అంతే. హనఫీ లెక్కన మనం అస్ర్ ఆలస్యంగా చదువుతాం, అక్కడ జమాత్ ముందే అయిపోతుంది. ఆమీన్ బిగ్గరగా అంటారు. పక్కవాడితో వాదానికి దిగకుండా వాళ్ళ వెనుక నిలబడి చదువుకుంటే సరిపోతుంది.

ఇది కొత్త చిక్కేమీ కాదు. మొరాకోలోని టాంజియర్‌లో 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా 1325లో హజ్‌కు బయల్దేరాడు. తిరిగి తిరిగి ఢిల్లీ చేరి ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీ అయ్యాడు. తర్వాత మాల్దీవుల్లోనూ ఖాజీ పదవి దక్కింది. అక్కడివాళ్ళూ ముస్లింలే. అయినా ఆడవాళ్ళు ఒంటి పైభాగం కప్పుకోకుండా తిరగడం ఆయనకు మింగుడుపడలేదు. మాన్పించాలని ఆజ్ఞలిచాడు, సాగలేదు. ఆ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. అంత చదువుకున్న ఖాజీకే ఆ గతి అయితే డ్రైవర్ వీసా మీద వెళ్ళే మన కుర్రాడి మాటేమిటి?

మా వీధి కుర్రాడొకడు సెలవుమీద వచ్చినప్పుడు చెప్పింది విని అందరం నవ్వాం. మొదటి వారంలో యజమాని దీవానియాలో, అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే గదిలో, వీడికీ గహ్వా ఇచ్చారు. పిడిలేని చిన్న కప్పు. తాగడం ఆలస్యం, మళ్ళీ పోశారు. వద్దంటే అమర్యాద అనుకుని తాగాడు. మళ్ళీ పోశారు. ఏడో ఎనిమిదో కప్పులయ్యాయి, రాత్రంతా నిద్ర లేదు. కప్పును కుడిచేత్తో అందుకోవాలనీ, చాలనుకుంటే అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇవ్వాలనీ వాడికి ఎవరూ చెప్పలేదు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. అక్కడ వేళ్ళ కొసలన్నీ కలిపి పైకి చూపితే "కాస్త ఆగు" అని. కొత్తవాడు దాన్ని బెదిరింపు అనుకుంటాడు. "మీ ఆవిడ బాగుందా" అని అడగకూడదు, ఇంట్లో అందరూ కులాసాయేనా అంటే చాలు. పిల్లవాణ్ణి మెచ్చుకుంటే మాషా అల్లాహ్ అనాలి. దిష్టి భయం మనకున్నట్టే వాళ్ళకూ ఉంది. కూర్చున్నప్పుడు అరికాలు ఎదుటివారి వైపు పెట్టకూడదు.

కొన్నిటికి నవ్వుకుని వదిలేసే వీలుండదు. కువైట్‌లో 1968 నాటి 44వ చట్టం ప్రకారం రమజాన్ పగటిపూట బహిరంగంగా తిన్నా, తాగినా 100 దీనార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు. జబ్బుచేసి రోజా వదిలినవాడైనా నీళ్ళు లోపల తాగాలి. యు.ఏ.ఇ.లో అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీయడం నేరం.

ఇక తల్లులకు ఒక మాట. కొడుకు పెట్టెలో కూరపొడి కట్టేటప్పుడు గసగసాలు వేయకండి. మనకవి మసాలా దినుసు. సౌదీ, యు.ఏ.ఇ. దేశాల్లో మత్తు పదార్థం లెక్క, నిషేధం ఉంది. కువైట్‌కు వెళ్ళేవారికీ వద్దు. ఘాటైన నొప్పిమాత్రలు డాక్టరు చీటీ లేకుండా, అక్కడి నియమం కనుక్కోకుండా పెట్టొద్దు.

మర్యాద పేరుతో హక్కు వదులుకోవడం వేరే పొరపాటు. ఇంటిపనికి వెళ్ళే మన అక్కచెల్లెళ్ళకు ఇది ముఖ్యం. కువైట్ ఇంటి పనివారి చట్టం, 2015 నాటి 68వది, వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదంటుంది. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదంటుంది. "కఫీల్ అడిగాడు, ఇవ్వకపోతే బాగుండదు" అని ఇచ్చేసి, తర్వాత ఇంటికి ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

పాస్‌పోర్టుకు, మెడికల్‌కు, టికెట్టుకు మన దాతలు చేయూతనిచ్చిన ఇళ్ళున్నాయి. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వాలి. నేను అడిగేది డబ్బు ఖర్చు లేనిది. ఎవరికైనా వీసా వచ్చిందని తెలిసినప్పుడు ఇషా తర్వాత రెండు సాయంత్రాలు కూర్చోబెడదాం. పదేళ్ళు అక్కడ బండి నడిపి వచ్చినవారు మగపిల్లలకు, ఇంటిపని చేసి వచ్చిన ఆడవారు ఆడవారికి చెబుతారు. రెండో రోజు పెట్టె కూడా తెచ్చి, అందరి ముందూ విప్పి చూపిస్తే మరీ మంచిది.