మృతులనుగూర్చి చెడు పలుకవచ్చునా?

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 1:17–27, 21:1–14

కొన్ని సంవత్సరముల క్రిందట ఢిల్లీలోని జనక్‌పురియందు ఒక తెలుగు కుటుంబమువారి యింట జ్ఞాపకార్థ కూడిక జరిగెను. మృతుడైన గృహయజమానుని దాతృత్వమునుగూర్చి నేను విస్తారముగా మాటలాడితిని. కూడిక ముగిసిన తరువాత ఆ యింట వంటచేయు విధవరాలు వాకిటియొద్ద నన్ను నిలిపి, “అయ్యగారూ, ఆయనమీద నేనేమీ అనను. నాకు ఆరు నెలల జీతం రావాలి. ఇప్పుడెవరిని అడగను?” అనెను. నా పొగడ్త ఆమె నోరు మూసినదని అప్పుడు గ్రహించితిని.

“చచ్చినవాని కండ్లు చారెడు” అని మన పెద్దలు ఊరకనే అనలేదు. మృతులనుగూర్చి మంచియే పలుకవలెనను ప్రాచీన గ్రీకుల నీతియు ప్రసిద్ధమే. అట్లయిన సత్యమేమగును?

సౌలు తన ప్రాణము తీయ వెదకినవాడైనను, అతడు గిల్బోవ కొండమీద కూలినప్పుడు దావీదు తనకు జరిగిన అన్యాయములలో ఒక్కటియు ఎత్తక, అతనికొరకు ప్రలాపించెను. అయితే తరువాత మూడు సంవత్సరములు కరవు కలుగగా, సౌలు గిబియోనీయులను హతముచేసిన దోషమును యెహోవాయే బయలుపరచెను. దావీదు దానిని కప్పిపుచ్చలేదు. బాధితులను పిలిపించి వారి మాట వినెను. అచ్చట సౌలు సంతతివారు ఏడుగురు అప్పగింపబడుట మనకు మాదిరి కాదు. తండ్రుల దోషమునకు పిల్లలను చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16 విధించుచున్నది. తుదకు దావీదు సౌలు ఎముకలను తెప్పించి, అతని తండ్రియైన కీషు సమాధిలో పాతిపెట్టించెను. తన గాయమునుగూర్చి మౌనము, ఇతరుల గాయమునుగూర్చి సత్యము, మృతునికి మర్యాద: ఈ మూడును ఒక్క మనుష్యునియందే కనబడుచున్నవి.

మన దేశపు చట్టమును ఇట్టి భేదమును ఎరుగును. 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు, బంధువుల మనస్సు నొప్పించు తలంపుతో మృతునిపై వేయు నిందను నేరముగా ఎంచినవి. ప్రజాహితముకొరకు పలుకవలసిన సత్యమును అట్లు ఎంచలేదు.

చదువరీ, మృతుడు బదులు చెప్పలేడు. కావున రూఢిగా తెలిసినదే పలుకుము. ఈ మాటవలన తీరునది నా పగయా, బ్రతికియున్నవారి బాధయా అని ముందుగా నిన్ను నీవే ప్రశ్నించుకొనుము.

మరునాడు నేను మృతుని కుమారునితో ఏకాంతముగా సంగతి తెలిపితిని. అతడు చాలసేపు మౌనముగా నుండి, తండ్రి లెక్కల పుస్తకము తెచ్చి విప్పెను. బాకీ అందులో వ్రాయబడియే యున్నది. ఆ సాయంకాలమే దానిని చెల్లించెను. తండ్రి పేరునకు అతడు చేసిన ఘనత నా ప్రసంగముకంటె గొప్పది.

ప్రార్థన: ప్రభువా, పగతో పలుకకుండను, భయముతో మౌనముగా ఉండకుండను మా పెదవులను కాపాడుము. ఆమేన్.