కనుమ తెరిచే దాకా

చిరంజీవి అమ్మలుకి,



నువ్వు పంపిన ప్రయాణం ప్లాను శ్రద్ధగా చదివాను. అర్జెంటీనాలోని మెండోజాలో పొద్దున్నే బస్సెక్కి, ఆండీస్ దాటి, సాయంత్రానికల్లా చిలీలోని శాంటియాగో చేరి, మర్నాడు ఉదయం డాలస్ విమానం ఎక్కుతానని రాశావు. అదీ ఆగస్టులో. మిగతాదంతా బాగుంది, ఈ ఒక్కటి మార్చు. బస్సుకీ విమానానికీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకో, మూడైతే మరీ మంచిది. ఈ ఉత్తరంలో ఇంకేం మరిచిపోయినా ఫర్వాలేదు గానీ ఈ మాట మాత్రం వినాలి తల్లీ.

మనకి ఆగస్టంటే వానలు, అక్కడ నిండు చలికాలం. మెండోజా ఊరు సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి 7వ నంబరు రహదారి మెండోజా నది వెంబడే ఎక్కుతూ పోయి, 3,200 మీటర్ల దరిదాపుల్లో కొండలోకి దూరుతుంది. 1980లో తెరిచిన ఆ సొరంగం పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. అర్జెంటీనా, చిలీల సరిహద్దు దాని లోపలే ఉంది. ఆ చివర బయటపడితే నువ్వు చిలీలో ఉన్నట్టు. మొత్తం దారి దాదాపు 360 కిలోమీటర్లు. ఎండాకాలంలో అయితే ఏడెనిమిది గంటల్లో దింపేస్తారు. చలికాలంలో ఎన్ని గంటలు పడుతుందో, అసలు ఆ రోజే చేరతామో లేదో ఎవరూ మాటివ్వరు. బస్సు కంపెనీ వాళ్ళూ ఇవ్వరు.

పసిఫిక్ మీంచి వచ్చే తుపాను మబ్బులకి ఆ కొండలే పెద్ద అడ్డు. మోసుకొచ్చిన తేమలో చాలా భాగం అక్కడే మంచుగా దించేస్తాయి. నిజానికి కురిసే మంచు కన్నా గాలితోనే ఎక్కువ ప్రమాదం. పడ్డ మంచును పొడిలా లేపి రోడ్డుకి అడ్డంగా విసురుతుంది. అక్కడివాళ్ళు దాన్ని వియెంతో బ్లాంకో అంటారు. అది లేచినప్పుడు అద్దం అవతల రోడ్డుందో లోయుందో డ్రైవరుకే తెలియదు. అలాంటప్పుడు రెండు దేశాల అధికారులూ మాట్లాడుకుని కనుమ మూసేస్తారు. ఒక్కోసారి కొన్ని గంటలు, ఒక్కోసారి వరసగా రోజులకి రోజులు. లారీలు ఉస్పయాతా ఊరి దగ్గర బారులు తీరి ఆగిపోతాయి. వాతావరణం బాగున్నా సరే, చలికాలంలో రాత్రిపూట దారి మూసే ఉంచుతారు. అందుకని పొద్దుటి బస్సుకే టికెట్ తీసుకో. కొండలు చూసేదీ పగలే కదా.

ముందురోజు సాయంత్రం బస్టాండుకి వెళ్ళి, కౌంటర్‌లో "ఎస్తా అబియెర్తో ఎల్ పాసో?" అని అడుగు. కనుమ తెరిచి ఉందా అని. "సెర్రాదో" అన్నారంటే మూసేశారని అర్థం. ఆ మాట వినగానే గాభరా పడకు. మూసిన రోజున సొంత వ్యాన్‌లో దాటిస్తామని, ఇంకో దారి తెలుసని చెప్పేవాళ్ళు తగిలితే ఆ మాటలు అసలు నమ్మొద్దు. మెండోజా నుంచి శాంటియాగోకి విమానాలున్నాయి గానీ కనుమ మూసిన రోజుల్లో సీట్లు ఇట్టే అయిపోతాయి. హాస్టల్లో ఇంకో రాత్రికి డబ్బు కట్టి, ఊళ్ళో చెట్ల నీడన తిరుగు. మెండోజా వీధుల పక్కన కొండల మంచునీళ్ళు పారే కాలవలుంటాయి. ఎడారిలాంటి ఆ నేల మీద అంత పెద్ద చెట్లు వాటివల్లే బతుకుతున్నాయి. ఏ మంచు నిన్ను ఆపిందో ఆ మంచే ఆ ఊరికి తాగునీరు కూడా.

ఆగడమన్నది ఆ దారికి కొత్త కాదు అమ్మలూ. 18వ శతాబ్దంలో ఈ కొండల మీదుగా చలికాలంలోనూ టపా నడపాలని స్పెయిన్ పాలకులు అనుకున్నప్పుడు, ఆంబ్రోసియో ఓహిగిన్స్ అనే అధికారి దారి పొడవునా చిన్న చిన్న ఇటుక గదులు కట్టించాడు. వాటిని కసూచాలంటారు. మంచు ఎంత పేరుకున్నా గుమ్మం మునిగిపోకుండా నేల ఎత్తుగా వేసి, బయట మెట్లు పెట్టారు. టపావాడు తుపాను మొదలవగానే అందులో దూరి, అది వెలిసేదాకా కూర్చునేవాడు. 1835లో డార్విన్ ఉస్పయాతా దారిన చిలీకి తిరిగి వెళుతూ వాటిని చూసి, తన పుస్తకంలో రాసుకున్నాడు. కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. లాస్ క్వెవాస్ చుట్టుపక్కల కిటికీలోంచి చూస్తుంటే కనబడొచ్చు. అవి కనబడితే ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టి చూడు. నేను భూగర్భశాస్త్రం చదివినదాన్ని, కొండల్లో రాళ్ళే చూసేదాన్ని. ఆ దారిలో మాత్రం నా కళ్ళు ఎప్పుడూ ఆ గదుల కోసమే వెతికేవి.

కూర్చునేది కుడివైపు చూసుకో, కుదిరితే పై అంతస్తులో. ఆకోన్‌కాగువా ఆ పక్కనే కొద్దిసేపు తలెత్తి కనబడుతుంది. 6,961 మీటర్లు, ఆసియా బయట అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. అంతకు ముందే పుయెంతె దెల్ ఇంకా వస్తుంది. ఖనిజాలు కరిగిన వేడినీళ్ళు పసుపు రంగు, నారింజ రంగు పూసిన రాతివంతెన అది. పక్కనున్న హోటల్‌ని 1965లో హిమపాతం నేలమట్టం చేసింది, చిన్న చర్చి మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడక్కడా రోడ్డు పక్కన రైలుపట్టాల మీద రేకుల గూళ్ళు కనిపిస్తాయి. 1910లో మొదలైన ఆండీస్ రైలుమార్గాన్ని మంచు నుంచి కాపాడ్డానికి కట్టినవి. ఆ రైలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది.

చిలీ వెళ్ళేవాళ్ళకి రెండు దేశాల తనిఖీ సొరంగం దాటాక లాస్ లిబెర్తదోరెస్‌లో ఒకేచోట జరుగుతుంది. ముందు అర్జెంటీనా వాళ్ళ ముద్ర, తర్వాత చిలీ వాళ్ళది, ఆ తర్వాత సామాను. వరసలో గంటో, రెండో, నాలుగో ఎంతయినా పట్టొచ్చు. కోటు, గ్లవుజులు, టోపీ, మందులు, పాస్‌పోర్టు నీ ఒళ్ళోని సంచిలోనే ఉండాలి. బస్సు కింది అరలో వేసిన బ్యాగు నీకు అందదు. తెల్లారి కింద ఎండలో స్వెట్టర్ చాలనుకుంటావు, మధ్యాహ్నానికి పైన పెన్ను పట్టుకున్న వేళ్ళు వంగవు. ఎత్తు వల్ల కాస్త తల నొప్పెట్టొచ్చు. కడుపు నిండా తినకు, మంచినీళ్ళు తాగుతూ ఉండు.

ఇక తిండి సంగతి. ఇది మీ అమ్మ దగ్గర కూడా నొక్కి చెప్పాలి, నీ బ్యాగులో ఏమేం పెడుతుందో నాకు తెలుసు. పండ్లు, విత్తనాలు, తేనె, మాంసం, పాల పదార్థాలు చిలీలోకి ఊరికే రానివ్వరు. ఒక పక్క ఎడారి, ఒక పక్క సముద్రం, ఒక పక్క ఆండీస్ ఉండబట్టి వాళ్ళ తోటలకి పురుగుల బెడద తక్కువ. మన పండ్ల దుకాణాలకి వచ్చే చిలీ ఆపిల్స్, కివీ పండ్లు ఆ తోటలవే. ఒక్క కాయలో దాగిన ఈగ గుడ్లు వాళ్ళ రైతుల్ని ముంచేయగలవు. కాబట్టి వాళ్ళ కట్టడిని చాదస్తం అనుకోకు. నా ముందు వరసలో ఒకసారి ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి రెండు నారింజలు తీసి తనే బల్ల మీద పెట్టింది. అధికారి వాటిని డబ్బాలో వేసి, నవ్వి పంపేశాడు. ఆవిడ వెనకాల కుర్రాడు ఏమీ లేవని రాసిచ్చాడు. కుక్క వచ్చి అతని కోటు జేబు వాసన చూసింది. మొరగలేదు, అతని కాళ్ళ దగ్గర బుద్ధిగా కూర్చుంది. జేబులో ఆపిల్ ఉంది. అతన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి జరిమానా రాశారు. బస్సంతా చలిలో అతనికోసం ఆగింది. అందుకని ఫారంలో తిండి పదార్థాలున్నాయా అని అడిగితే ఉన్నాయనే రాయి. కందిపొడి, ఆవకాయ, కరివేపాకు ఏదైనా సరే చూపించు. ఉంచుకోనిస్తే సంతోషం, పారేయమంటే పారేయి. పండ్లు సరిహద్దుకి ముందే తినేసెయ్.

కాగితాల్లో ఒకటి ముఖ్యం. మనవాళ్ళకి అర్జెంటీనాకీ చిలీకీ అనుమతులు వేరువేరు. నియమాలు మారుతుంటాయి గనక రెండు కాన్సులేట్ల దగ్గరా అడిగి కనుక్కో. కనుమ మూసేసి నాలుగు రోజులు ఆగాల్సొచ్చినా అర్జెంటీనాలో నీ గడువు దాటిపోకుండా ఉండాలి. సగం దారి నుంచి బస్సు వెనక్కి తిప్పినా ఇబ్బంది లేకుండా ఉండాలి. అన్నీ ప్రింటు తీసి పెట్టుకో, పైన ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం.

సొరంగం తర్వాత దిగుడు చాలా నిటారు. ముప్ఫై దాకా హెయిర్‌పిన్ మలుపులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కళ్ళు తిరిగే అలవాటుంటే ముందే మాత్ర వేసుకో. అక్కడ డ్రైవరు చక్రాలకి గొలుసులు కడుతున్నా, లారీ వెనక నత్తలా నడుపుతున్నా తొందర పెట్టేవాళ్ళతో గొంతు కలపకు. తిరిగి వెళ్ళిపోదాం అన్నాడా, మారు మాట్లాడకుండా నీ సీట్లో కూర్చో. ఆ రోడ్డు మీద అతని మాటే చెల్లాలి. ఇంకొకటి, ఆగస్టులో చిలీ గడియారం అర్జెంటీనా కన్నా ఒక గంట వెనక ఉంటుంది. శాంటియాగోలో నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళకి చిలీ టైమే చెప్పు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, ఆడపిల్ల ఒక్కతే ఆ మంచులో ఎందుకని బాధపడింది. వెళ్ళొద్దని నేను అనను. నీ వయసులో ఆ కొండలు చూడాలి. విమానం తేదీ మార్చుకుని కొత్త టికెట్ నాకు పంపు. అది చూపించి వదినకి నేను నచ్చజెప్తాను.

ప్రేమతో,
అత్తయ్య