జొన్న మేత – నాము విషం: పాడి రైతులు తెలుసుకోవలసిన సంగతులు

జొన్న మన పశువులకు తరతరాలుగా వస్తున్న మేత. వర్షాధారపు నేలల్లో ఇంత మేతనిచ్చే పైరు మరొకటి దొరకడం కష్టం. కాని ఇదే జొన్నను లేతగా ఉన్నప్పుడో, బెట్టకు వాడినప్పుడో మేస్తే గేదె గంట తిరగకముందే చనిపోవచ్చు. దీన్నే రైతులు 'నాము' అంటారు. ఇంట్లో ఉన్న ఒక్క పాడి గేదె పోతే ఆ కుటుంబానికి పాల డబ్బు ఆ పూటతోనే ఆగిపోతుంది. అందుచేత ఈ పాఠాన్ని సభ్యులందరి ముందు ఉంచుతున్నాము.

నాము ఎలా పుడుతుంది?

నాము పైరుకు పట్టే తెగులు కాదు, ఎవరో చల్లిన మందూ కాదు. అది మొక్కలోనే ఉంది. జొన్న ఆకుల్లో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రవేత్తలు ఈజిప్టు జొన్న నుంచి దీన్ని వేరుచేశారు. అరబ్బీలో జొన్నను 'ధుర్రా' అంటారు. ఆ పేరే దీనికి వచ్చింది.

ధురిన్ తనంతట తాను ప్రాణం తీయదు. దాన్ని విడగొట్టే ఎంజైము ఆకులోనే వేరొక చోట ఉంటుంది. ఆకు నలిగినా, వాడినా, పశువు నమిలినా రెండూ కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లం అనే విషం వెలువడుతుంది. పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు కూడా ఈ పని చేస్తాయి. ఈ విషం రక్తంలో కలిస్తే శరీరం ప్రాణవాయువును వాడుకోలేదు. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా పశువు ఊపిరాడక చనిపోతుంది.

ఎంత మేస్తే ప్రమాదం?

పశువు బరువులో ప్రతి కిలోకు సుమారు 2 మిల్లీగ్రాముల విషం ప్రాణాంతకం. అంటే 400 కిలోల గేదెకు 800 మిల్లీగ్రాములు, ఒక గ్రాము కన్నా తక్కువ. కిలో పచ్చిమేతలో 200 మిల్లీగ్రాములు మించితే ఆ మేత ప్రమాదకరమని లెక్క. 400 మిల్లీగ్రాములు ఉన్న మేత అయితే రెండు కిలోలే చాలు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కొద్దికొద్దిగా లోపలికి వెళ్ళే విషాన్ని పశువు కాలేయం విరిచేయగలదు. ఒక్కసారిగా వచ్చి పడితే విరవలేదు. అందుకే ఒకే చేలో మేసిన రెండు పశువుల్లో ఆకలితో ఆబగా మేసినది పడిపోతుంది, కడుపు నిండి ఉన్నది నిలబడుతుంది.

ఎప్పుడు ఎక్కువ?

లేత మొక్కలోనూ, పంట కోసిన మోళ్ళ నుంచి లేచిన పిలకల్లోనూ విషం హెచ్చు. కాండంలో కన్నా ఆకులో ఎక్కువ. బెట్టకు గిడసబారిన పైరులోనూ, యూరియా అధికంగా వేసిన పైరులోనూ ఇది పెరుగుతుంది. బెట్ట తర్వాత వాన పడి చేను పచ్చబడగానే పశువులను తోలడం మరీ ప్రమాదం. అప్పుడు వచ్చేవన్నీ లేత చిగుళ్ళే.

గుర్తులు, చికిత్స

మేసిన పది పదిహేను నిమిషాల నుంచే ఆయాసం మొదలవుతుంది. నోటివెంట చొంగ, నురగ వస్తాయి. కండరాలు వణుకుతాయి, పశువు తూలి పడిపోతుంది. చిగుళ్ళు మొదట్లో ఎర్రగా ఉంటాయి. పాము కరిచిందనో, దిష్టి తగిలిందనో కాలం వృథా చేయరాదు.

వెంటనే పశువైద్యుని పిలవాలి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయాలి. జొన్న మేసిన సంగతి మొదటే చెప్పాలి. వైద్యులు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను నరానికి ఎక్కిస్తారు. సకాలంలో అందితే పశువు కోలుకుంటుంది. రొప్పుతున్న పశువుకు బలవంతంగా ఏదీ తాగించరాదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన పశువులను వెంటనే ఆ చేను నుంచి తోలుకురావాలి.

పాటించవలసినవి

1. జొన్నను పూత దశకు వచ్చిన తర్వాతే కోసి మేపాలి. పలుమార్లు కోసే పశుగ్రాస జొన్నను మొదటిసారి 50 రోజులు దాటాక కోయాలి.

2. బెట్టకు వచ్చిన పైరుకు నీరు పెట్టి, తేరుకున్న తర్వాతే కోయాలి.

3. కోసిన చేలలో పిలకలు లేస్తుంటే పశువులను తోలరాదు. పొరుగు చేనైనా సరే.

4. ఆకలిగొన్న పశువును జొన్న మీదికి వదలరాదు. ముందు ఎండుగడ్డి వేయాలి. అయితే ఎండుగడ్డి వేశాం కదా అని లేత జొన్న మేపరాదు.

5. కోసిన జొన్నను బాగా ఎండబెడితే విషం చాలావరకు తగ్గుతుంది. సగం వాడిన మేత మాత్రం ప్రమాదమే. పాతర వేసి నెలన్నర, రెండు నెలలు మాగనిచ్చినా తగ్గుతుంది.

మరి మనం తినే జొన్న?

పండిన గింజలో ధురిన్ దాదాపు ఉండదు. రొట్టె, సంకటి నిర్భయంగా తినవచ్చు. కాని గింజ మొలకెత్తితే ఆ మొలకలో విషం మళ్ళీ పుడుతుంది. పెసలు, శనగల మాదిరిగా జొన్న మొలకలను పచ్చిగా తినరాదు. కర్రపెండలం ఆకుల్లో, దుంప తొక్కలో కూడా ఇదే జాతి విషం ఉంటుంది. వాటినీ పచ్చిగా పశువుల ముందు వేయరాదు.

జొన్నను మానుకోమని మేము చెప్పడం లేదు. ముదిరాక కోసి, ఆరబెట్టి మేపితే అంత అక్కరకు వచ్చే మేత తక్కువ. సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించి, పశువైద్యుని ఫోన్ నంబరును కేంద్రం గోడపై రాయించాలని కోరుతున్నాము. పశువులను తోలుకెళ్ళేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు గనుక వారికి ఈ సంగతి తప్పక చెప్పండి.