సాగరసాక్ష్యం

పూర్వకవులు గాంభీర్యానికి సముద్రాన్ని ఉపమానంగా చెప్పారు. ఎన్ని నదులు వచ్చి కలిసినా సముద్రం చెలియలికట్ట దాటదని లోకం నమ్మింది. ఆ సముద్రమట్టమే 1901 నుండి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. భూగోళపు శీతోష్ణస్థితి మారుతున్నదనడానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం అరుదు.

గాలి పూటకొక తీరుగా ఉంటుంది. ఒక వేసవిలో ఎండలు ముదిరినంత మాత్రాన భూమి వేడెక్కిందనీ, ఒక శీతకాలంలో చలి పెరిగినంత మాత్రాన వేడెక్కలేదనీ నిర్ధారించరాదు. సముద్రస్వభావం వేరు. నీరు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. బొగ్గు, చమురు మండించగా వెలువడే కార్బన్‌డయాక్సైడ్ వంటి వాయువులు భూమి వేడిని అంతరిక్షంలోకి సులభంగా పోనీయవు. అట్లా 1970 తరువాత నిలిచిపోయిన అదనపు వేడిలో నూటికి తొంభై పాళ్లకు పైగా సముద్రాలే ఇముడ్చుకొన్నాయి. కనుక ఆ లెక్కను నీటిలోనే చూడాలి.

1872లో బ్రిటన్ నుండి బయలుదేరిన ఛాలెంజర్ అనే ఓడ 1876 వరకు మహాసముద్రాలలో సంచరించింది. అందులోని శాస్త్రజ్ఞులు తాళ్లకు ఉష్ణమాపకాలు కట్టి లోతులకు దింపి, ఉష్ణోగ్రతలను నమోదు చేశారు. భూతాపం అన్న మాటనే వారెరుగరు. నేడు ఆర్గో అనే అంతర్జాతీయ పథకం కింద దాదాపు నాలుగు వేల తేలియాడే యంత్రాలు పనిచేస్తున్నాయి. అవి 2000 మీటర్ల లోతుకు దిగి, సుమారు పదిరోజులకొకసారి పైకి వచ్చి, నీటి వేడిమిని, లవణీయతను ఉపగ్రహాలకు తెలుపుతాయి. ఈ పథకంలో పాలుపంచుకొంటున్న భారతీయ సంస్థ ఇన్‌కాయిస్ సముద్రమే లేని హైదరాబాదులో ఉన్నది. 2012లో శాస్త్రజ్ఞులు ఛాలెంజర్ కొలతలను ఆర్గో కొలతలతో పోల్చగా, ఓడ కొలిచిన చోట్ల ఉపరితలపు నీరు సగటున సుమారు 0.6 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినట్లు తేలింది. అంతటి జలరాశికి ఆ వేడి స్వల్పం కాదు.

వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. నేలపైనున్న హిమనదాలు, మంచుపలకలు కరిగి సముద్రంలో చేరుతున్నాయి. మట్టం పెరగడానికి ముఖ్యకారణాలు ఈ రెండే. మానవుడు వెలువరించిన కార్బన్‌డయాక్సైడ్‌లో సుమారు నాలుగోవంతు సముద్రజలంలో కరిగి ఆమ్లత్వాన్ని పెంచుతున్నది. అందువల్ల పగడాలకు, గుల్లగల జీవులకు తమ కవచాన్ని కట్టుకోవడం కష్టమవుతున్నది. వేడికి తాళలేక లక్షద్వీపాల పగడపు దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరాలలో రంగు కోల్పోయి తెల్లబారాయి.

సముద్రం ఆ వేడిని భరించకపోతే నేలపై బ్రతుకు ఎప్పుడో దుర్భరమయ్యేది. కాని దాచుకొన్నది మాయం కాలేదు. పొగ నేడే ఆగినా సముద్రమట్టం శతాబ్దాలపాటు పెరుగుతూనే ఉంటుంది. ఎంత పెరగాలన్నది మాత్రం మానవుని చేతిలోనే ఉన్నది. తీరాన గుడిసె వేసుకొన్న మత్స్యకారునికి ఆ తేడా ఇల్లు నిలవడమో, కొట్టుకొనిపోవడమో.

కఠిన పదాలకు అర్థాలు

చెలియలికట్ట : సముద్రపు గట్టు, హద్దు
లవణీయత : ఉప్పదనం
వ్యాకోచించు : విస్తరించు
దుర్భరం : భరింపరానిది

ప్రశ్నలు

1. శీతోష్ణస్థితి మార్పును తెలుసుకోవడానికి గాలికన్న సముద్రమే నమ్మదగిన ఆధారమని ఎట్లా చెప్పవచ్చు?
2. ఛాలెంజర్ కొలతలు నేటి శాస్త్రజ్ఞులకు ఏ విధంగా ఉపకరించాయి?